కమాన్ పట్టీ నుంచి కొడవలి దాకా: కమ్మరి కొలిమిలో అసలు ఏం జరుగుతుంది?

పైన ఉన్న వీడియోలో మా ఊరి కమ్మరి కొలిమి దగ్గర ఒక పాత లారీ కమాన్ పట్టీ ముక్క కొడవలిగా మారడం మొదటి నుంచి చివరి దాకా చూపించాను. అయితే సుత్తి చప్పుడులో మామ చెప్పిన మాటలు సగం వినపడవు. (ఆయన నాకు చుట్టం కాదు, కానీ చిన్నప్పటి నుంచీ మామా అనే పిలుస్తాను.) వీడియోలో వినపడని సగంలోనే అసలు విషయం ఉంది. అందుకే రాసి పెడుతున్నా. ముందు ఇది చదివి, తర్వాత వీడియో చూస్తే మంట రంగు దగ్గర, నీళ్ల తొట్టి దగ్గర ఎందుకు అంతసేపు కెమెరా ఆపానో అర్థమవుతుంది.

ప్రకృతి వ్యవసాయానికీ కొడవలికీ ఏంటి సంబంధం అనుకోవచ్చు. ఒకసారి మన పని గుర్తుచేసుకోండి. రసాయన సేద్యంలో కలుపుకి మందు కొడతారు, కోతకి మిషన్ పిలుస్తారు, అయిపోయింది. మనం అలా కాదు. కలుపుని మొదట్లో కోసి అక్కడే ఆచ్ఛాదనగా పరుస్తాం. గట్ల మీద గ్లిరిసిడియా కొమ్మలు కొట్టి పొలంలో వేస్తాం. కషాయాలకి వేప, కానుగ, జిల్లేడు, సీతాఫలం ఆకులు తరుగుతాం. కందిలో జొన్న, జొన్నలో అలసంద కలిపి వేస్తే ఏ పంట ముందు పండితే అది చేత్తోనే కోయాలి. దేశవాళీ వరి నిలువెత్తు పెరిగి గాలికి పడిపోతే మిషన్ దాన్ని సరిగ్గా ఎత్తలేదు. అంటే ఊళ్లో చాలామంది కొడవలి అటక మీద పడేసినా మనకి అది రోజూ కావాల్సిన పనిముట్టు. దాన్ని ఎక్కువగా పట్టుకునేది ఆడవాళ్లు. మొద్దుబారిన కొడవలితో పొద్దంతా కోస్తే రాత్రికి మణికట్టు ఎలా లాగుతుందో మీ ఇంట్లో అడగండి, చెప్తారు.

సంతలో రేకు కొడవలి చౌకగా దొరుకుతుంది. కొన్న రోజు బాగానే తెగుతుంది, రెండో రోజు సాన అడుగుతుంది, వారానికి పారేయాలనిపిస్తుంది. దీనికి కారణం కొడవలి రూపంలో లేదు, ఇనుములో ఉంది.

మనం అన్నిటినీ ఇనుమే అంటాం. కానీ ఇనుములో కొద్దిగా కర్బనం కలిస్తే అది ఉక్కు. ఆ కొద్దిగా ఎంత అన్నదే మొత్తం కథ. ఇంటి గ్రిల్లుకి వాడే పట్టీలు, యాంగిల్ ముక్కలు, మామూలు రేకు, వీటిలో కర్బనం సుమారు పావు శాతం లోపే ఉంటుంది. వీటిని ఎంత ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా పెద్దగా గట్టిపడవు. లారీ కమాన్ పట్టీలో అర శాతం పైన, దాదాపు 0.6 శాతం దాకా ఉంటుంది. అది పదును పడుతుంది. పాత ఆకురాయిలో అయితే ఒక శాతం, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. ఆకురాయితో చేసిన కత్తి బాగా తెగుతుంది కానీ రాయికి తగిలితే పెళుసుగా విరుగుతుంది. కొడవలి మట్టిలో, రాళ్ల మధ్య తిరిగే వస్తువు కాబట్టి కమాన్ పట్టీయే సరైనది. బండి బరువుకి వంగి మళ్లీ నిలబడటానికే తయారైన ఉక్కు అది.

ముక్క ఏ రకమో మామ ఎలా పోలుస్తారంటే, తిరిగే సానరాయికి ఆనించి నిప్పురవ్వలు చూస్తారు. వీడియోలో రెండు ముక్కలు పక్కపక్కన చూపించాను. గ్రిల్లు పట్టీ రవ్వలు పొడుగ్గా, గీత గీసినట్టు పోతాయి. కమాన్ పట్టీ రవ్వలు పొట్టిగా పోయి చివర చిచ్చుబుడ్డిలా పగులుతాయి. కర్బనం ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ పూలు. ఇది మీరు కూడా మీ దగ్గర వెల్డింగ్ షాపులో చూడొచ్చు. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోండి.

పాత ఇనుప సామాన్ల కొట్టులో పట్టీ కొనేటప్పుడు ఇంకో మాట. విరిగిన కమాన్ పట్టీ తేవద్దు. లారీ కింద ఏళ్ల తరబడి వంగీ వంగీ ఒకచోట విరిగిందంటే, మిగతా చోట కూడా కంటికి కనపడని నెర్రెలు ఉండొచ్చు. కొలిమిలో బాగానే సాగుతుంది, నీళ్లలో ముంచగానే టక్కుమంటుంది. రోజు పని వృథా.

ఉక్కు అన్నాం కాబట్టి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ మట్టి మూసల్లో ఇనుమూ కర్బనమూ కలిపి కరిగించి ఉక్కు దిమ్మలు చేసేవాళ్లు. పర్షియా వర్తకులు ఆ ఉక్కు కొనుక్కుపోయేవాళ్లు. ప్రపంచం అంతా డమాస్కస్ కత్తి అని చెప్పుకునే కత్తులకి మూలం మన దక్షిణాది మూస ఉక్కే. ఇంగ్లీషులో వూట్జ్ అని రాసే మాట మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. 1820ల్లో హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయ వైద్యుడు కోనసముద్రం పని చూసి రాసిన వివరాలు 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చాయి. ఇప్పుడు మన కమ్మరి ఉక్కు తయారుచేయడు, లారీ ఉక్కు వాడతాడు. కానీ నిప్పు రంగు చూసి ఇనుము మనసు తెలుసుకునే విద్య మాత్రం అదే.

ఇక పని దగ్గరికి వద్దాం.

కొలిమిలో తుమ్మ బొగ్గు వేస్తారు. రాతిబొగ్గు వేడి ఇస్తుంది కానీ అందులో గంధకం ఉంటుంది, ఉక్కుకి అది మంచిది కాదు. తోలు తిత్తి ఎప్పుడో పోయింది, ఇప్పుడు చిన్న కరెంటు బ్లోయర్. కరెంటు లేనప్పుడు చేత్తో తిప్పే చక్రం ఉంది, దాన్ని అత్త తిప్పుతుంది. సమ్మెట ఎత్తేది కూడా అత్తే. వీడియోలో చూడండి, మామ చిన్న సుత్తితో ఎక్కడ తట్టితే అత్త సమ్మెట సరిగ్గా అక్కడే పడుతుంది. ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండదు. మామ సుత్తిని దాగలి మీద పక్కకి ఒకసారి టింగుమని కొడితే ఇక ఆపమని అర్థం.

పట్టీ ముక్కని నారింజ రంగు వచ్చేదాకా కాల్చి సాగగొడతారు. ఎరుపు మసకబారగానే మళ్లీ కొలిమిలోకి. చల్లబడిన ఉక్కుని కొడితే లోపల చీలుతుంది. అలాగని తెల్లగా మెరిసేదాకా కాల్చితే రవ్వలు రాలుతాయి, ఉక్కు కాలిపోయినట్టే, ఆ ముక్క ఇక పనికిరాదు. ముందు తోక తీస్తారు, అంటే పిడిలోకి దిగే సన్నటి భాగం. తర్వాత అలుగు సాగదీసి, దాగలి కొమ్ము మీద వంపు తిప్పుతారు. వెన్ను మందంగా, వాదర (కోసే అంచు) సన్నగా. రేకు కొడవలి అంతా ఒకే మందం ఉంటుంది, సుత్తితో చేసినదానికి వెన్ను నుంచి వాదర దాకా మందం తగ్గుతూ వస్తుంది. చేత్తో పట్టుకుంటే బరువు ఎక్కడుందో తెలుస్తుంది.

ఈ రూపం వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. చూసేవాళ్లు అయిపోయింది అనుకుంటారు. మామ మాత్రం దాన్ని మళ్లీ ఎర్రగా కాల్చి వెచ్చటి బూడిదలో పాతేసి ఇంటికి పోతారు. తెల్లారేదాకా అది నెమ్మదిగా చల్లారుతుంది. ఇలా చల్లారిన ఉక్కు మెత్తబడుతుంది, సుత్తి దెబ్బలకి లోపల పడిన బిగువు కూడా పోతుంది. మెత్తగా ఉంటేనే ఆకురాయి పడుతుంది, కక్కులు కొట్టొచ్చు.

కక్కు కొడవలి కావాలంటే చిన్న ఉలితో అంచు వెంట ఒక్కో గాటు వేస్తూ పోతారు. గాట్లు పిడి వైపు వాలి ఉంటాయి, ఎందుకంటే మనం కొడవలిని లాగేటప్పుడే కోస్తాం. కక్కులు ఒకవైపే ఉంటాయి, రెండో వైపు నునుపు. సాన పట్టేటప్పుడు ఆ నునుపు వైపే పట్టాలి. కక్కుల వైపు రాయి పెట్టి రుద్దితే రెండుసార్లకే పళ్లు అరిగిపోతాయి. చాలామంది చేసే పని ఇదే. వరి, జొన్న లాంటి గడ్డి జాతి కాండాల్లో సిలికా ఉంటుంది, ఇసుకలో ఉండేదే. అంచుని అది అరగదీస్తూనే ఉంటుంది. కక్కు ఉంటే కాండం జారదు, వాదర కొంచెం అరిగినా కోత ఆగదు. ఆకులు తరగడానికి, కొమ్మలు కొట్టడానికి మాత్రం కక్కు లేని సాదా కత్తే మంచిది. చెట్టు కొమ్మని పళ్లతో చీల్చినట్టు కోస్తే గాయం త్వరగా మానదు.

ఇప్పుడు అసలు పని. పదును పెట్టడం.

రెండో రోజు తెల్లవారుజామున పాక చీకటిగా ఉన్నప్పుడే ఇది చేస్తారు. ఎందుకంటే ఎండలో ఎరుపు రంగు సరిగ్గా తెలియదు. వెలుతురులో ముదురు ఎరుపుగా కనిపించేది చీకట్లో నారింజలా కనిపిస్తుంది, ఆ తేడాకే కొడవలి పాడవుతుంది. మామ కన్ను నలభై ఏళ్ల కన్ను. నాలాంటి వాళ్ల కోసం ఒక అయస్కాంతం ముక్క తీసుకెళ్లాను. ఉక్కు సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. మామ 'ఇంకొంచెం' అన్న ప్రతిసారీ అంటుకుంది. అంటుకోవడం ఆగిన తర్వాత ఆయన ఇంకొన్ని క్షణాలు ఉంచి తీశారు. కావాల్సింది కూడా అంతే, ఆ హద్దు దాటి కొంచెం పైకి. మరీ ఎక్కువైతే ఉక్కు లోపలి రవ్వ పెద్దదై పెళుసుబారుతుంది.

తీసిన కొడవలిని మొత్తం నీళ్లలో పడేయరు. తొట్టిలో నీళ్లు కొంచెం గోరువెచ్చగా ఉంటాయి. వెన్ను పైకి పెట్టి, వాదర మాత్రమే వేలు మందం మునిగేలా పట్టి, ముందుకీ వెనక్కీ కదుపుతారు. చుయ్ మనే చప్పుడు తగ్గేలోపు బయటికి తీస్తారు. మొత్తం ఒకేసారి ముంచితే వంకరపోవచ్చు, పగలొచ్చు, పైగా వెన్ను కూడా గట్టిపడి రాయికి తగలగానే విరుగుతుంది. నూనెలో ముంచేవాళ్లూ ఉన్నారు. నూనెలో ఉక్కు నెమ్మదిగా చల్లారుతుంది, పగిలే భయం తక్కువ. కొందరు బండి నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ వాడతారు, ఆ పొగ పీల్చడం మంచిది కాదు. వంటనూనె కూడా ఆ పని చేస్తుంది.

ఈ క్షణంలో వాదర గాజులా ఉంటుంది. గట్టిది, పెళుసుది. ఇక్కడితో వదిలేస్తే మొదటి రాయికే ముక్క ఊడుతుంది. అందుకని మామ గబగబా వాదరని ఇటుక ముక్కతో రుద్ది తెల్లగా మెరిసేలా చేస్తారు. వెన్నులో ఇంకా వేడి ఉంది కదా, ఆ వేడి నెమ్మదిగా వాదర వైపు పాకుతుంది. పాకుతుంటే మెరిసే చోట రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ రంగు, తర్వాత వంకాయ రంగు, చివరికి నీలం. ఉక్కు పైన ఏర్పడే సన్నటి పొర మందాన్ని బట్టి ఆ రంగులు వస్తాయి. పసుపు అంటే సుమారు 220 డిగ్రీలు, నీలం అంటే 300 దగ్గర. వేడి పెరిగే కొద్దీ గట్టితనం తగ్గుతుంది, పెళుసుదనమూ తగ్గుతుంది. కొడవలికి పసుపు దాటి గోధుమ రంగు వాదరకి చేరగానే మళ్లీ నీళ్లలో పెట్టి ఆపేస్తారు. గొడ్డలికైతే దెబ్బ తట్టుకోవాలి కాబట్టి వంకాయ రంగు దాకా వదులుతారు.

'జర ఆలస్యమైతే మెత్తబడతది, జర తొందరపడితే ఇరుగుతది. గంతే అల్లుడా, ఇంకేం లేదు' అన్నారు మామ. ఇంకేం లేదట! రంగు వచ్చి పోవడానికి పట్టే టైం వీడియోలో చూడండి. నేను స్లో మోషన్ పెట్టలేదు కాబట్టి రెప్ప వేస్తే పోతుంది.

మీరు కొడవలికి ఇచ్చే డబ్బు ఆ కొద్ది క్షణాలకి. ఇనుముకి కాదు. పావుకిలో కమాన్ పట్టీ ఎంతుంటుంది? బేరం ఆడేటప్పుడు 'ఇంత ఇనుముకి ఇంతా?' అనేవాళ్లని చూస్తే నాకు చిరాకేస్తుంది. రెండు పొద్దులు, ఇద్దరు మనుషులు, బొగ్గు. నేను ఈ కొడవలికి 350 ఇచ్చాను, మామ 300 చాలన్నారు.

పిడి సంగతి తొందరగా చెప్పేస్తాను. ఎండిన తుమ్మ లేదా చింత కర్ర మంచిది. పచ్చి కర్ర పెడితే ఎండాక వదులవుతుంది. మూతి దగ్గర ఇనుప పొన్ను వేయించండి, లేకపోతే కర్ర చీలుతుంది. రంధ్రంలో లక్క వేసి, తోక వేడిచేసి దించితే లక్క కరిగి పట్టేస్తుంది. ఇంట్లో ఆడవాళ్ల చేతికి కొలత చూసి పిడి లావు చెప్పండి. కొలిమి దగ్గర చేయించుకోవడంలో ఉన్న పెద్ద లాభం ఇదే, సంత కొడవలికి ఒకే సైజు చెయ్యి.

ఎడమచేతి వాటం వాళ్లు ఉంటే అది ముందే చెప్పాలి. సాన పట్టే వైపు, కక్కు వైపు మారుతుంది. మా ఇంట్లో ఒకరికి అలా చేయించాక, ఇన్నాళ్లూ ఆమెకి కోత రాదనుకున్నాం, కొడవలి తిరగబడి ఉందని తెలిసింది.

మరి తయారైన కొడవలి చేతికొచ్చాక మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? ఒక ఆకురాయి తీసుకుని వెన్ను మీద రుద్దండి, సులువుగా కొరుకుతుంది. అదే వాదర మీద రుద్దితే జారినట్టు పోవాలి, కష్టంగా పట్టాలి. రెండు చోట్లా ఒకేలా కొరికితే పదును పెట్టలేదని అర్థం. రెండో పరీక్ష, వేలితో తట్టండి. గంటలా మోగాలి. బొంగురుగా పలికితే ఎక్కడో నెర్రె ఉంది.

ఇప్పుడు ఇంటి దగ్గర మనం చేసే పాపాలు కొన్ని. ఒకటి, గ్రైండర్ మీద సాన పట్టించడం. సన్నటి అంచు క్షణంలో వేడెక్కి నీలం తిరుగుతుంది. రంగులు నడిచాయని పైన చెప్పాను కదా, అదే ఇక్కడ జరుగుతుంది, కానీ ఆపేవాళ్లు ఉండరు. మామ పెట్టిన పదును అక్కడ పోయింది. అంచు నీలం కనపడిందంటే ఆ మేర అరగదీస్తే తప్ప మళ్లీ నిలవదు. చేత్తో సానరాయి మీద నీళ్లు చల్లుకుంటూ పట్టండి, పొలంలో ఒక చిన్న రాయి మొలలో పెట్టుకుంటే చాలు. రెండు, పిడి విరిగితే కొడవలిని పొయ్యిలో పెట్టి కర్ర కాల్చేయడం. వాదర కూడా దాంతో పాటే మెత్తబడుతుంది. అలా తప్పదనుకుంటే అలుగు అంతా తడిగుడ్డ చుట్టి, తోక వైపు మాత్రమే కాల్చండి. మూడు, తెగులు కొమ్మ కోశాక కత్తిని మంటలో చూపించి శుద్ధి చేయడం. అదే నష్టం. మరిగే నీళ్లలో ముంచి తుడవండి, నీళ్లు మరిగేది 100 డిగ్రీల దగ్గరే కాబట్టి పదునుకి ఏమీ కాదు.

ఇంకోటి ప్రత్యేకంగా మనకే. కషాయాలకి ఆకులు తరిగిన కత్తిని అలాగే గోమూత్రం డ్రమ్ము పక్కన పడేస్తాం. గోమూత్రంలో లవణాలు ఉంటాయి, తెల్లారేసరికి తుప్పు పొర కడుతుంది, సన్నటి వాదరని ముందు తినేస్తుంది. కడిగి, ఆరబెట్టి, ఏదో ఒక నూనె గుడ్డతో ఒకసారి తుడిస్తే సరిపోతుంది. మన దగ్గర కానుగ నూనె ఎలాగూ ఉంటుంది.

మామకి ఇప్పుడు అరవై దాటాయి. కుడి భుజం పైకి లేవట్లేదు. కొడుకు పట్నంలో ఆటో నడుపుతున్నాడు, అతన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు. ఒకప్పుడు కల్లం దగ్గరే కమ్మరికి మేర కొలిచేవాళ్లు, ఏడాది పొడుగునా కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు చూసుకునేది ఆ మేరకే. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది, కర్రు పని పోయింది. కోత మిషన్ వచ్చింది, కొడవలి పని పోయింది. మా చుట్టుపక్కల ఊళ్లలో వెలుగుతున్నది ఈ ఒక్క కొలిమే. అదీ వారంలో రెండు మూడు రోజులే. ఒకరోజు పనికి కొలిమి రాజేయడం దండగ కాబట్టి అయిదారు పనులు జమయ్యేదాకా ఆయన ఆగుతారు. మనం విడివిడిగా వెళ్లి 'ఇప్పుడే కావాలి' అంటే కుదరదు, విసుక్కుని సంతకి పోతాం.

అందుకే మా రైతు గుంపులో ఈసారి ఇలా చేశాం. పన్నెండు మంది కలిసి కొడవళ్లు, మచ్చుకత్తులు, లిక్కిలు ఎవరికి ఏవి కావాలో ఒకే కాగితం మీద రాసి, సగం డబ్బు ముందే ఇచ్చాం. కమాన్ పట్టీలు మేమే తెచ్చిపెట్టాం. ఇద్దరు కుర్రాళ్లు సమ్మెట ఎత్తడానికి వెళ్లారు, అత్తకి కాస్త ఊపిరి దొరికింది. వాళ్లలో ఒకడు మూడో రోజు కూడా పిలవకుండానే వెళ్లాడు. మామ వాడి చేతికి పటకారు ఇచ్చి రంగు చూడమన్నారు.

మీ దగ్గర కొలిమి ఉంటే రోహిణి కార్తెకి ముందే వెళ్లండి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. వెళ్లినప్పుడు మూడు విషయాలు స్పష్టంగా చెప్పండి: దేనికి వాడతారు, ఎవరి చెయ్యి, కక్కు కావాలా వద్దా. పాత కొడవళ్లు ఉంటే అవి కూడా పట్టుకెళ్లండి. మందం మిగిలి ఉంటే మళ్లీ సాగగొట్టి పదును పెడతారు, కొత్తదానికన్నా తక్కువలో అయిపోతుంది. గోధుమ రంగు దగ్గర ఆపడం వీడియో చివర్లో ఇంకోసారి, దగ్గరగా పెట్టాను. ఫోన్ వెలుతురు పెంచుకుని చూడండి.